ఇది ఎక్కడి నుంచి వచ్చింది?

పేరు రాయవద్దని కోరిన ఒక విద్యార్థి పంపిన పెద్ద ఉత్తరానికి సారాంశం ఇది. అతను విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాడు. పాఠశాల రోజుల నుంచీ ఆ సబ్జెక్టులో మంచి మార్కులే తెచ్చుకున్నాడు, ఇష్టపడే దీన్ని ఎంచుకున్నాడు. మొదటి సెమిస్టర్‌లో మెకానిక్స్ కోర్సు మిడ్‌టర్మ్ పరీక్షలో అతనికి 50కి 17 మార్కులు వచ్చాయి. తరగతిలో పాఠం అర్థమవుతోందని, పుస్తకంలో సాధించి చూపిన లెక్క చదువుతుంటే ప్రతి మెట్టూ సబబుగానే తోస్తుందని, పుస్తకం మూసి కొత్త లెక్క ముందు కూర్చుంటే మాత్రం మొదటి గీత ఎక్కడ గీయాలో తెలియడం లేదని రాశాడు. పరీక్షకు ముందు 200కు పైగా లెక్కలు చేశానని చెబుతూనే, వాటిలో ఎక్కువ భాగం పది నిమిషాలు చూసి సాధన తెరిచి చదివినవేనని దాచకుండా ఒప్పుకున్నాడు. తప్పిన మూడు జవాబులను ఉత్తరంలో ఎత్తి రాశాడు. వాటిలో ఒకదాని పక్కన అధ్యాపకురాలు ఎర్ర సిరాతో ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది?’ అని రాశారట. ఆ మాట చూసినప్పటి నుంచి ఆవిడ ఎదుట పడడానికి అతనికి సిగ్గుగా ఉంది. గదిలో ఉండే స్నేహితుడు ఆ లెక్కలనే చకచకా చేసేస్తున్నాడు. ఒక సీనియర్ అయితే, రెండో సంవత్సరంలో బలాలకు బదులు శక్తితో లెక్క నడిపే లగ్రాంజియన్ పద్ధతి వస్తుంది, అప్పుడు ఈ బలాల బొమ్మలతో పని ఉండదు, అందాకా ఎలాగోలా నెట్టుకురమ్మన్నాడు. కోర్సు నుంచి తప్పుకోవడానికి రెండు వారాల గడువు ఉంది. తప్పుకుని వచ్చే ఏడాది మళ్లీ చదవాలా, సబ్జెక్టే మార్చుకోవాలా, ఇంకా ఎక్కువ లెక్కలు బట్టీ పట్టాలా అన్నది అతని ప్రశ్న. చివరి వాక్యంలో, ‘ఈ చదువుకు కావలసిన బుర్ర నాకు లేదేమో’ అని రాశాడు.

మీ ఉత్తరం అందగానే నేను ముందుగా మీరు ఎత్తి రాసిన మూడు తప్పు జవాబులనే చూశాను. 17 అన్న అంకె మీరు ఎక్కడ ఆగిపోతున్నారో చెప్పదు, ఆ జవాబులు చెబుతాయి. మూడు వేర్వేరు అధ్యాయాల్లో చేసిన మూడు వేర్వేరు తప్పులుగా మీరు వాటిని లెక్కించుకున్నారు. నాకు మాత్రం మూడింటిలోనూ ఒకటే తప్పు కనిపించింది. ఈ సంగతి మీకు ఊరట కావాలని నా కోరిక, ఎందుకంటే సరిదిద్దుకోవలసినది ఒక్కటే.

మొదటిది వెడ్జ్ లెక్క. నునుపైన నేల మీద ఒక వెడ్జ్, అంటే పక్క నుంచి చూస్తే త్రిభుజంలా కనిపించే ఏటవాలు చెక్క, దాని వాలు మీద ఒక దిమ్మ, ఎక్కడా ఘర్షణ లేదు, వెడ్జ్ కూడా కదలగలదు. దిమ్మ మీద వాలు చూపే అభిలంబ బలం, అంటే వాలుకు లంబంగా నెట్టే బలం, ఎంత అన్నది ప్రశ్న. మీరు ఆలోచించకుండానే ఎమ్‌జీ కాస్ థీటా, అంటే దిమ్మ బరువును వాలు కోణపు కొసైన్‌తో గుణించినది, అని రాశారు. అధ్యాపకురాలి ప్రశ్న ఈ గీత పక్కనే ఉంది. నిజంగానే అది ఎక్కడి నుంచి వచ్చింది? కదలకుండా నిలిచి ఉన్న వాలు మీద దిమ్మ జారుతున్నప్పుడు, వాలుకు లంబంగా ఉన్న దిశలో దిమ్మకు త్వరణం ఉండదు. అందువల్ల ఆ దిశలో బలాలు సరిపోవాలి, ఆ సరిపోవడం నుంచి ఎమ్‌జీ కాస్ థీటా పుట్టింది. వెడ్జ్ వెనక్కి జారుతున్నప్పుడు ఆ షరతు చెల్లదు. వాలు దిమ్మ కింద నుంచి పక్కకు తప్పుకుంటోంది కనుక అది దిమ్మను అంత గట్టిగా నెట్టలేదు. లెక్క పూర్తిగా చేస్తే, ఎమ్‌జీ కాస్ థీటాను ఒకటి కంటే చిన్నదైన ఒక భిన్నంతో గుణించవలసి వస్తుంది. ఆ భిన్నంలో లవం వెడ్జ్ ద్రవ్యరాశి, హారం వెడ్జ్ ద్రవ్యరాశికి దిమ్మ ద్రవ్యరాశి, సైన్ స్క్వేర్ థీటాల లబ్ధాన్ని కలిపితే వచ్చే మొత్తం. రెండు ద్రవ్యరాశులూ సమానమై వాలు 45 డిగ్రీలు ఉంటే అభిలంబ బలం మీరు రాసిన దానిలో మూడింట రెండు వంతులే. వెడ్జ్ దిమ్మ కంటే చాలా బరువైనదైతే భిన్నం ఒకటికి చేరువై మీ పాత సూత్రమే తిరిగి వస్తుంది. వెడ్జ్ దాదాపు బరువే లేనిదైతే అభిలంబ బలం సున్నాకు చేరి దిమ్మ నిట్టనిలువుగా కింద పడుతుంది. ఈ రెండు కొసలనూ ఒకసారి మనసులో ఊహించి చూడండి. మీరు బట్టీ పట్టిన సూత్రం అబద్ధం కాదు, అది ఒక పెద్ద నిజంలో ఒక మూల.

రెండోది ఘర్షణ లెక్క. పది కిలోల దిమ్మ, స్థైతిక ఘర్షణ గుణకం 0.5, అడ్డంగా లాగే బలం 20 న్యూటన్లు. ఘర్షణ బలం మ్యూ ఎన్ (ఘర్షణ గుణకం, అభిలంబ బలాల లబ్ధం) అనుకుని మీరు 49 న్యూటన్లు అని రాశారు. అదే నిజమైతే, 20 న్యూటన్లతో ముందుకు లాగుతున్న దిమ్మ 29 న్యూటన్ల బలంతో, అంటే సెకనుకు సెకనుకు 2.9 మీటర్ల త్వరణంతో, వెనక్కి పరుగెత్తాలి! స్థైతిక ఘర్షణకు మ్యూ ఎన్ పై హద్దు మాత్రమే. ఆ హద్దు లోపల, దిమ్మను కదలకుండా నిలపడానికి ఎంత కావాలో అంతే ఘర్షణ పుడుతుంది. ఇక్కడ కావలసినది 20.

మూడోది స్ప్రింగ్ లెక్క. దిమ్మను సమతాస్థానం నుంచి కొంత దూరం లాగి వదిలితే, తిరిగి ఆ స్థానం దాటేటప్పుడు దాని వడి ఎంత అని అడిగారు. వదిలిన క్షణంలో ఉన్న త్వరణాన్ని మీరు వీ స్క్వేర్ ఈక్వల్ టు టూ ఏ ఎస్ సూత్రంలో పెట్టారు. ఆ సూత్రం త్వరణం మారనప్పుడే చెల్లుతుంది. స్ప్రింగ్ బలమేమో దిమ్మ దగ్గరికి వస్తున్న కొద్దీ తగ్గిపోతూ సమతాస్థానంలో సున్నా అవుతుంది. అందుకే మీకు వచ్చిన వడి అసలు దానికి 1.41 రెట్లు, గతిజశక్తి స్ప్రింగ్‌లో దాగిన శక్తికి సరిగ్గా రెట్టింపు. ఆ మిగతా సగం ఎవరిచ్చారని ఒక్క క్షణం అడిగి ఉంటే జవాబు అక్కడే పట్టుబడేది.

మూడు చోట్లా జరిగింది ఇదే. ఎవరో, ఎప్పుడో, కొన్ని షరతుల మధ్య రాబట్టిన ఫలితాన్ని మీరు ఆ షరతులు వదిలేసి వెంట తెచ్చుకున్నారు. దీన్ని బుద్ధిమాంద్యం అనరు. పాఠశాల పరీక్షలు అడిగే పద్ధతికి మీరు చక్కగా అలవాటు పడ్డారు. అక్కడ లెక్క చూడగానే ఏ సూత్రమో గుర్తుకు రావడమే నైపుణ్యం, ఆ నైపుణ్యానికే మీకు ఇన్నాళ్లూ మార్కులు వచ్చాయి. విశ్వవిద్యాలయపు మెకానిక్స్ ఆ సూత్రాల వెనక ఉన్న రెండు మూడు నియమాలను మాత్రమే చేతికిచ్చి, మిగతాదంతా ప్రతిసారీ మీరే రాబట్టుకోవాలంటుంది. ఆట మారిందని మీకు ఎవరూ విడమరిచి చెప్పినట్టు లేదు.

‘అర్థమవుతోంది, కానీ చేయలేకపోతున్నాను’ అన్న మీ మాట దగ్గర కొంచెం ఆగుతాను. సాధించిన లెక్కలో ఏ వస్తువును విడదీసి చూడాలో, అక్షాలు ఎటు పెట్టాలో, ఏది స్థిరం, ఏది మారుతుందో ముందే నిర్ణయమై ఉంటాయి. మీరు చదివి ఒప్పుకుంటున్నది ఆ తరువాతి బీజగణితాన్ని. అసలు మెకానిక్స్ మొదటి సమీకరణం రాయకముందే ముగిసిపోతుందంటే అతిశయోక్తి కాదు. ఆ భాగం అచ్చులో రెండు పంక్తులు కూడా ఉండదు కాబట్టి, ఎన్ని సాధనలు చదివినా ఆ భాగానికి అభ్యాసం జరగదు.

ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్, ఆయన సహచరులు కలిసి బలం అన్న భావన ఎంత అర్థమైందో పరీక్షించే ప్రశ్నావళిని 1992లో ప్రచురించారు. లెక్క కట్టే పని లేని, రోజువారీ మాటల్లో ఉన్న ప్రశ్నలవి. మామూలు లెక్కలు బాగా చేసే విద్యార్థులు కూడా వాటిలో చాలా తప్పులు చేశారు. హార్వర్డ్‌లో ఎరిక్ మజుర్ ఇటువంటి ప్రశ్నలు ఇచ్చినప్పుడు ఒక విద్యార్థిని, మీరు నేర్పినట్టు జవాబు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగిందని ఆయనే అనేకసార్లు చెప్పారు. నేర్పినట్టు రాసే మనిషి, మామూలుగా అనుకునే మనిషి, ఆ ఇద్దరూ మొన్నటి వరకూ మీలోనూ పక్కపక్కనే ఉన్నారు. పైకి విసిరిన బంతి ఎత్తయిన చోట క్షణం ఆగినప్పుడు దాని త్వరణం సున్నా అనిపిస్తుందా మీకు? అనిపిస్తే సిగ్గుపడకండి. వేగం సున్నా అయిన ఆ క్షణంలో కూడా త్వరణం సెకనుకు సెకనుకు 9.8 మీటర్లే. అది కూడా సున్నా అయితే బంతి అక్కడే ఉండిపోవాలి.

చరిత్రలో కూడా ఈ మెట్లు ఒక్క అంగలో దాటినవి కావు. న్యూటన్ తన నియమాలను 1687లో ప్రకటించినప్పుడు, ఈనాడు మనం రాసే రూపంలో, మూడు అక్షాల వెంట విడివిడిగా సమీకరణాలుగా రాయలేదు. ఎక్కువగా రేఖాగణితంతో వాదించాడు. ఆ సమీకరణాలను ఏ యాంత్రిక వ్యవస్థకైనా వర్తించే మూలసూత్రంగా గణితజ్ఞుడు ఆయిలర్ ముందుకు తెచ్చింది 1750లో. అరవై ఏళ్లకు పైగా పట్టిన మార్పును మీ కోర్సు మొదటి వారంలో నల్లబల్ల మీద ఒక్క పంక్తిలో రాసేసింది. ఆ పంక్తి మీకు లొంగడానికి ఒక సెమిస్టర్ పడితే అందులో వింత లేదు.

ఇక మీ ముందున్న దారుల సంగతి. బట్టీని పెంచే దారిని మీరు చివర రాశారు కానీ ఉత్తరం నిండా మీరు మొగ్గుతున్నది దానివైపే, అందుకే దాని గురించి ముందు చెబుతాను. 200 లెక్కలు 400 అయితే, చివరి పరీక్షలో ఆ 400లో ఒకటి అచ్చంగా వచ్చినప్పుడు మీకు మార్కులు వస్తాయి. కొద్దిగా మారి వస్తే, ఇప్పుడు వెడ్జ్ కదిలినట్టే కాళ్ల కింద నేల కదులుతుంది. భ్రమణ చలనం అధ్యాయానికి వచ్చేసరికి ఈ పద్ధతి బొత్తిగా నిలవదు. గిలక బరువు లెక్కలోకి వచ్చిన క్షణం నుంచి తాడుకు రెండు వైపులా తన్యత, అంటే తాడు లాగే బలం, ఒకటే అన్న మీ పాత నమ్మకం కూలిపోతుంది, ఎందుకంటే గిలకను తిప్పడానికి ఆ రెండింటి మధ్య తేడా కావాలి. ఈ దారి వల్ల మరో సెమిస్టర్ గట్టెక్కవచ్చునేమో కానీ, ఖర్చు తరువాతి కోర్సులు చెల్లిస్తాయి.

కోర్సులో ఉండి పద్ధతి మార్చుకోవడం ఇంకో దారి. దీని వెల కూడా దాచకుండా చెబుతాను. మీరు చేసే లెక్కల సంఖ్య బాగా పడిపోతుంది. వారానికి ఎనిమిదో పదో చేయగలిగితే గొప్ప. మొదటి రెండు మూడు వారాలు మీరు ముందుకంటే నెమ్మదైనట్టు కనిపిస్తారు, ట్యుటోరియల్ పరీక్షలో మార్కులు ఇంకా తగ్గినా తగ్గవచ్చు. దాన్ని ఓర్చుకునే స్థితిలో ఉన్నారా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో చెప్పకుండా ఎంచుకోమనడం న్యాయం కాదు. కొత్త లెక్క చదివాక పెన్ను సూత్రం వైపు వెళ్లనివ్వకండి. ఒక వస్తువును ఎంచుకుని, దాన్ని ఒంటరిగా కాగితం మీద గీయండి. మీ పుస్తకం స్వేచ్ఛా వస్తు పటం అంటుంది, తరగతిలో అందరూ ఫ్రీ బాడీ డయాగ్రమ్ అంటారు, పేరు ఏదైనా ఫరవాలేదు. దాని మీద గీసే ప్రతి బాణం పక్కనా ఆ బలాన్ని ఇస్తున్న వస్తువు పేరు రాయండి. భూమి, తాడు, నేల, వెడ్జ్, స్ప్రింగ్, ఇలా. ఇచ్చేవారి పేరు రాయలేకపోతే ఆ బాణం చెరిపేయండి. ‘కదలిక బలం’, ‘విసిరిన బలం’ అంటూ ఊహలో పుట్టే బాణాలు ఈ ఒక్క నియమంతో రాలిపోతాయి, ద్రవ్యరాశి త్వరణాల లబ్ధాన్ని ఇంకో బలంగా గీసే అలవాటూ పోతుంది. న్యూటన్ మూడో నియమం చెప్పే చర్య ప్రతిచర్యల జంటలు కూడా ఇక్కడే తేటపడతాయి. బల్ల మీద పుస్తకాన్ని భూమి కిందికి లాగుతుంది, బల్ల పైకి నెడుతుంది. ఈ రెండూ సమానమే అయినా చర్య ప్రతిచర్యలు కావు, రెండూ ఒకే వస్తువు మీద పనిచేస్తున్నాయి కదా. భూమి పుస్తకాన్ని లాగడానికి జంట, పుస్తకం భూమిని లాగడం.

తరువాత, ఏ కదలికలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయో మామూలు వాక్యాల్లో రాయండి. తాడు సాగదు కాబట్టి రెండు దిమ్మల వడీ ఒకటే. దిమ్మ వాలును వదలదు కాబట్టి వెడ్జ్ నుంచి చూస్తే అది వాలు వెంటే కదులుతుంది. వెడ్జ్ లెక్క మీకు తప్పింది సరిగ్గా ఈ వాక్యం దగ్గరే, బీజగణితంలో కాదు. ఇవి రాశాకే సమీకరణాలు. జవాబు వచ్చాక ముగించేయకుండా దాన్ని కొసలకు తోసి చూడండి. ఒక ద్రవ్యరాశి చాలా పెద్దదైతే ఏమవుతుంది, కోణం సున్నా అయితే ఏమవుతుంది, ఘర్షణ లేకపోతే ఏమవుతుంది? జవాబు పుస్తకం వెనక పేజీలో ఉన్నా లేకపోయినా, దాన్ని నమ్మవచ్చో లేదో మీరే చెప్పగలిగే స్థితి ఇలాగే వస్తుంది. నా మటుకు నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఆనందం ఇచ్చే క్షణం అదే.

సాధనలు అసలు చూడవద్దని నేననను. నలభై నిమిషాలు నిజంగా పెనుగులాడాక తెరవండి, మీరు ఆగిన పంక్తి వరకే చదివి మూసేయండి. మర్నాడు ఖాళీ కాగితంతో ఆ లెక్కనే మొదటి నుంచి చేయండి. సీనియర్లు ఇచ్చిన సాధనల కట్ట ఎదుట ఉంటే చేయి ఆగదనుకుంటే, ఆ కట్టను కొన్నాళ్లు ఇంకెవరికైనా ఇచ్చేయండి.

కోర్సు నుంచి ఇప్పుడు తప్పుకోవడం ఓటమి అని నేను అనుకోను, అది కొందరికి సరైన నిర్ణయం. మీకు సరైనదా అన్నది మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంగతి మీద ఆధారపడి ఉంది. కలనగణితం కూడా ఇదే సెమిస్టర్‌లో నేర్చుకుంటున్నానని, మెకానిక్స్ తరగతిలో అవకలన సమీకరణాలు ముందే వచ్చేస్తున్నాయని రాశారు. ఒక పరీక్ష చెబుతాను. గాలిలో పడుతున్న వస్తువు మీద నిరోధం దాని వేగానికి అనుపాతంలో ఉందనుకోండి. వస్తువు చివరకు ఏ వేగం దగ్గర స్థిరపడుతుందో సమీకరణం సాధించకుండానే చెప్పగలరా? బరువు, నిరోధం సమానమయ్యే వేగం అని చెప్పగలిగితే మీ భౌతికశాస్త్రం నిలబడే ఉంది. ఆపైన, ఆ సమీకరణాన్ని సమాకలనం చేసి వేగం కాలంతో ఎలా పెరుగుతుందో రాబట్టడానికి ప్రయత్నించండి. అక్కడ చేయి ఆగిపోతే లోటు గణితంలో ఉంది, దానికి రోజూ ఒక గంట చొప్పున నాలుగైదు వారాల అభ్యాసం సరిపోవచ్చు. ఈ రెంటిలోనూ దారి తోచకపోతే, పైగా ఇతర కోర్సులు కూడా మీ మీద బరువుగా ఉంటే, తప్పుకుని గణితం గట్టిపరచుకుని తిరిగి రావడం తెలివైన పని. అయితే విద్యుదయస్కాంతత్వం, తరంగాలు వంటి కోర్సులకు మీ విశ్వవిద్యాలయం మెకానిక్స్‌ను ముందు షరతుగా పెట్టిందేమో గడువు లోపలే తెలుసుకోండి. పెట్టి ఉంటే ఒక కోర్సు ఆలస్యం ఒక సంవత్సరం ఆలస్యంగా మారవచ్చు. తప్పుకుని ఏడాది తరువాత ఇదే బట్టీ పద్ధతితో తిరిగి వస్తే ఆ ఏడాది వృథా అయినట్టే.

సబ్జెక్టు మార్చుకోవడం గురించి మీరు రాసిన పేరాలో ఆ కొత్త సబ్జెక్టు మీద ఇష్టం ఒక్క మాటలోనూ కనిపించలేదు, ఇక్కడి నుంచి బయటపడాలన్న తొందర మాత్రమే కనిపించింది. ఇష్టం ఉంటే తప్పకుండా మారండి. లేకపోతే ఈ సెమిస్టర్ చివరి దాకా ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టడం వల్ల మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు.

మీ సీనియర్ చెప్పిన మాటలో కొంత నిజం ఉంది. లగ్రాంజ్ 1788లో వెలువరించిన గ్రంథంలో బొమ్మలే ఉండవని ముందుమాటలోనే చెప్పుకున్నాడు, ఆ పద్ధతిలో అభిలంబ బలాలనూ తన్యతలనూ కనుక్కోకుండానే చలన సమీకరణాలు రాయవచ్చు. కానీ వస్తువుల స్థానాన్ని చెప్పడానికి ఏ నిరూపకాలు ఎంచుకోవాలి, ఏ కదలికలు ముడిపడి ఉన్నాయి అన్నది అక్కడా ముందుగా మీరే చెప్పాలి. ఇప్పుడు మీకు చేతకాని పని అదే. అది నేర్చుకున్నవారికి ఆ పద్ధతి వరం, తప్పించుకుని వచ్చినవారికి ఇంకో సూత్రాల జాబితా.

మీ గది స్నేహితుడి వేగాన్ని చూసి మిమ్మల్ని మీరు కొలుచుకోకండి. వీలైతే అతనితో ఒక ఒప్పందం చేసుకోండి. అతను జవాబు చెప్పకూడదు, మీరు గీసిన ప్రతి బాణాన్నీ చూపించి ఇచ్చేవారెవరని మాత్రమే అడగాలి. చకచకా చేసేవారికి కూడా ఆ ప్రశ్న అడగడం వల్ల లాభమే. అతనికి ఓపిక లేకపోతే మానేయండి, అందువల్ల స్నేహం చెడనవసరం లేదు.

మీ అధ్యాపకురాలి విషయం చివరికి మిగిల్చాను. జవాబుపత్రాల కట్ట దిద్దుతున్నవారికి తప్పు మీద ఒక గీత కొట్టి ముందుకు పోవడం తేలిక. ఆవిడ ఆగి ఒక ప్రశ్న రాశారు. మీకది ఎత్తిపొడుపుగా వినిపించింది, మార్కులు చూసిన ఆ ఘడియలో ఎవరికైనా అలాగే వినిపిస్తుంది. కానీ ఈ కోర్సులో ఒక విద్యార్థిని అడగదగిన అన్నిటికంటే మంచి ప్రశ్న అదేనని నేను నమ్ముతాను, జవాబు తెలుసుకోవాలని ఉన్నవారే అలా అడుగుతారు. ఆవిడను కలవడమా మానడమా అన్నది మీ ఇష్టం. కలవాలనుకుంటే మాత్రం ‘నాకు మెకానిక్స్ రావడం లేదు’ అన్న మాటతో వెళ్లకండి, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. వెడ్జ్ లెక్కను పై పద్ధతిలో మళ్లీ చేసి ఆ కాగితం తీసుకువెళ్లండి. దానితోపాటు ఇంకో చిన్న ప్రశ్న కూడా ఆలోచించి ఉంచుకోండి. దిమ్మ జారుతున్నంతసేపూ వెడ్జ్ మీద నేల చూపే అభిలంబ బలం, దిమ్మ, వెడ్జ్‌ల బరువుల మొత్తం కంటే తక్కువ వస్తుంది. ఎందుకు తక్కువ రావాలో, ఒక్క సమీకరణం కూడా రాయకుండా, రెండు వాక్యాల్లో చెప్పడానికి ప్రయత్నించండి. ఆ రెండు వాక్యాలు తప్పయినా సరే, వాటినే ముందు ఆవిడకు చూపించండి.